గూడు లేకుండా కోళ్లని బీట్లో వదిలేయొచ్చా? తిరుపతి, చిత్తూరు వైపు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఎకరమో రెండెకరాలో కొనుక్కొని మామిడిచెట్ల కింద నాటుకోళ్లు వదలాలనుకునేవాళ్లు ఇప్పుడు చానా మంది ఉండారు, బెంగుళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం చేస్తా శని, ఆదివారాలు వచ్చిపోయేవాళ్లు కూడా ఉండారు. అందరూ అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు, అందుకే అన్నీ ఒక్కచోట రాస్తా ఉండా. నా మాట ముందే చెప్పేస్తా. పగలంతా వదలండి, యాడిదాకా పోతే ఆడిదాకా పోనీండి, కానీ పొద్దుగూకేటప్పటికి ప్రతి కోడీ తలుపు ఉండే చోట ఉండాల. ఆ తలుపు, దాన్ని రోజూ సాయంత్రం వేసే మనిషి, ఈ రెండూ లేకుంటే కోళ్లు తెచ్చుకోవద్దు.

మా తాతల కాలంలో గూళ్లు యాడుండాయి? కోళ్లు చెట్ల మీదే పడుకునేవి గదా?

పడుకునేవి, నిజమే. ఇప్పటికీ పల్లెల్లో వేపచెట్టు మీదో చింతచెట్టు మీదో కోళ్లు ఎక్కి పడుకోవడం చూస్తాం. కానీ ఆ చెట్టు యాడుండేదో కూడా చూడాల. ఇంటి వాకిట్లో. కింద మంచాలేసుకొని మనుషులు పడుకునేవాళ్లు, పక్కనే ఆవులు, మేకలు, రెండు మూడు ఊరకుక్కలు, ఒక కోడి గట్టిగా అరిస్తే ఇంటిల్లిపాదీ లేచేవాళ్లు. పిల్లల కోడిని మాత్రం ఎప్పుడూ బయట వదిలింది లేదు, పొద్దుగూకేలోపు గంప కింద మూసి పైన రాయి పెట్టేవాళ్లు. అంటే గూడు అనే పేరుతో లేకపోయినా కాపలా ఉండేది.

మీ తోట ఊరికి రెండు కిలోమీటర్ల అవతల ఉంది, రాత్రి అక్కడ ఒక్క మనిషి లేడు, చుట్టూ చెరకు తోటో కంపచెట్లో గుట్టో ఉంది. అక్కడ చెట్టు మీద కోడి, వాకిట్లో చెట్టు మీద కోడి ఒకటి కాదు. కోడికి చీకట్లో కళ్లు సరిగ్గా కనపడవు, పక్కనే వచ్చి పట్టుకున్నా ఎగిరి తప్పించుకోలేదు.

ఫ్రీరేంజ్ అంటేనే గూడు లేకుండా వదలడం గదా అన్నా?

కాదు. ఈ మాట బయటి దేశాల నుంచి వచ్చింది, అక్కడ దీనికి రూల్సు ఉండాయి. యూరప్‌లో ఫ్రీరేంజ్ గుడ్లు అని అమ్ముకోవాలంటే ఒక్కో కోడికి బయట 4 చదరపు మీటర్ల జాగా ఉండాల, దాంతోపాటు షెడ్డు కూడా ఉండాల, ఆ షెడ్డుకి కోళ్లు బయటికి వచ్చిపోయే కంతలు కనీసం 35 సెంటీమీటర్ల ఎత్తు, 40 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలని కొలత కూడా రాసిపెట్టినారు. రాత్రి లోపల, పగలు బయట, అదే పద్ధతి. వీడియోల్లో పచ్చగడ్డిలో తిరిగే కోళ్లని మాత్రమే చూపిస్తారు, సాయంత్రం తలుపేసేది చూపించరు, దాంతో చానా మంది అసలు గూడే అక్కర్లేదని అనుకుంటా ఉండారు.

మన వైపు కోళ్లని పట్టేవి ఏవేవి?

మన జిల్లాల్లో శేషాచలం కొండలు, తలకోన, ఇటు పలమనేరు కుప్పం వైపు కౌండిన్య అడవి, మధ్యలో చిన్న చిన్న గుట్టలు, ఇవన్నీ ఉండబట్టి లిస్టు కొంచెం పెద్దదే.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ముంగిస. ఇది పగలు తిరిగేది. చానా మంది పగలు భయం లేదనుకుంటారు, కానీ పిల్లల్ని, గుడ్లని, ఒక్కోసారి పెద్ద పెట్టని కూడా ముంగిస పట్టపగలే పట్టుకుపోతుంది. గట్ల మీద కంప, రాళ్ల కుప్పలు ఉంటే అక్కడే కాపురం పెట్టుకుంటుంది. రాత్రిళ్లు అడవిపిల్లి, పునుగుపిల్లి, మానుపిల్లి వస్తాయి. వీటిల్లో మానుపిల్లి చెట్లు బాగా ఎక్కుతుంది, చెట్టు మీద ఉంటే ఏం కాదులే అనే ధైర్యం దీని ముందు పనికిరాదు. చెరకు తోటల పక్కన ఉండేవాళ్లకి నక్కలు, అవి తెల్లారుజామున, పొద్దుగూకే టైంలో ఎక్కువ తిరుగుతాయి, సరిగ్గా కోళ్లు గూట్లోకి రాని టైం అది.

పాముల్లో జెర్రిపోతు పిల్లల్ని తింటుంది, నాగుపాము పిల్లల్ని, గుడ్లని తింటుంది, గుట్ట కింద తోటలైతే కొండచిలువ పెద్ద కోడినే మింగేస్తుంది. ఉడుము గుడ్ల కోసం వస్తుంది. పైనుంచి గద్ద, డేగ, కాకి, రాత్రి అయితే గుడ్లగూబ. పందికొక్కులు రాత్రి పూట నిద్రపోయే పిల్లల్ని కొరికి ఈడ్చుకుపోతాయి.

ఇంక ఊరకుక్కలు. అడవి జంతువుల కంటే కుక్కల వల్ల పోయే కోళ్లే ఎక్కువ అని నాకు గట్టిగా అనిపిస్తుంది, ఎందుకంటే అవి ఆకలికి రావు, గుంపుగా వచ్చి ఆటగా తరిమి తరిమి చంపి తినకుండా వదిలేసి పోతాయి.

కొండ కిందనే ఉండేవాళ్లు, అలిపిరి వైపు, జూపార్కు రోడ్డు, చంద్రగిరి, భాకరాపేట ఘాటు దగ్గర, చిరుతని కూడా లెక్కలో పెట్టుకోవాల. కుక్కలూ కోళ్లూ రాత్రి పూట బయట పడుకొని ఉంటే చిరుత ఇళ్ల దగ్గరికి రావడం అలవాటు చేసుకుంటుంది, అప్పుడది కోడి పోయిందా లేదా అనే లెక్క కాదు, మన ఇంట్లో పిల్లల సంగతి.

పొద్దున చూస్తే కోడి చచ్చి పడి ఉంది. ఏది చేసిందో ఎట్ల తెలుస్తుంది?

పూర్తిగా ఖచ్చితంగా చెప్పలేం కానీ గుర్తులు ఉంటాయి. కోడి మొత్తం మాయమై అక్కడక్కడ గుప్పెడు ఈకలు పడి ఉంటే నక్క, అడవిపిల్లి లాంటివి ఎత్తుకుపోయినట్టు. మెడ దగ్గరో తల దగ్గరో కొరికి ఒళ్లు అక్కడే వదిలేస్తే ముంగిసో పునుగుపిల్లో. చానా కోళ్లు చచ్చిపడి, ఒకదాన్నీ సరిగ్గా తినకుండా ఉంటే కుక్కలు. ఒకేచోట ఈకలన్నీ గుండ్రంగా పీకి పడేసి ఉంటే డేగ. పగలు పిల్లలు ఒక్కొక్కటే తగ్గిపోతా, నెత్తురు మరక కూడా లేకుంటే గద్ద, కాకి, లేదంటే ముంగిస. గుడ్లు పెంకు కూడా మిగలకుండా పోతే పాము, పెంకులు పగిలి పడి ఉంటే ముంగిస, కాకి, పందికొక్కు, ఒక్కోసారి మన కోడే.

గూటి చుట్టూ సాయంత్రం సన్న ఇసకో బూడిదో చల్లి పెట్టండి, పొద్దున అడుగులు కనపడతాయి. ఏది వస్తా ఉందో తెలిస్తే కదా దానికి తగ్గట్టు అడ్డం పెట్టేది.

మాకు గూడు ఉండింది, అయినా ఒక్క రాత్రిలో అన్నీ చంపేసింది. గూడు లేకుంటేనే బాగుండేది గదా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, దీనికి జవాబు కొంచెం పొడుగ్గానే చెప్పాల.

చెట్టు మీద కోళ్లు తలో కొమ్మ మీద ఉంటాయి, ఒకదాన్ని పట్టేలోపు మిగతావి రెక్కలు కొట్టుకుంటా కింద పడి యాడికో పోతాయి, రాత్రికి ఒకటో రెండో పోతాయి. గూట్లో అయితే తప్పించుకునే దారి లేదు. లోపలికి దూరిన జంతువుకి కడుపు నిండినా ముందర కోళ్లు ఎగరతా అరస్తా ఉంటే చంపుతానే ఉంటుంది, పునుగుపిల్లి, నక్క, కుక్క అన్నీ ఇట్లే చేస్తాయి. అంటే కంత ఉండే గూడు, గడియ సరిగ్గా పడని గూడు, గూడు లేకపోవడం కంటే ప్రమాదం. నేను గూడు కట్టండి అంటే ఏదో ఒకటి కట్టండి అని కాదు.

ఎక్కువగా జరిగే తప్పులు మూడు నాలుగే. మొదటిది ఆరుమూలల సన్న కోడిజాలి. అది కోళ్లు బయటికి పోకుండా ఆపుతుంది గానీ కుక్కని ఆపలేదు, పంటితో లాగితే తెగిపోతుంది. అర అంగుళం కంతల వెల్డుమెష్, అంటే కమ్మీలు అతికించిన గట్టి ఇనుప జాలి వేయాల, అంతకంటే పెద్ద కంత అయితే పాము పిల్ల దూరుతుంది, ముంగిస చెయ్యి పెట్టి కోడిని జాలి దగ్గరికి లాగేస్తుంది. రెండోది నేల. మట్టినేల అయితే పందికొక్కు, ముంగిస, కుక్క, అన్నీ కింద తవ్వి వస్తాయి, బండలు పరచండి లేదంటే మెష్‌ని గోడ బయటివైపు ఒక అడుగు లోతు పూడ్చండి. మూడోది తలుపు కింద సందు, రెండు వేళ్లు పట్టే సందు చాలు పాముకి. నాలుగోది పైకప్పుకి గోడకి మధ్య గాలి కోసం వదిలిన జాగా, గాలి కావాల్సిందే, కానీ దానికి కూడా మెష్ కొట్టాల, మానుపిల్లి వచ్చేది అక్కడినుంచే.

ఖర్చు తక్కువలో గూడు ఎట్ల?

20 నాటుకోళ్లకి 8 అడుగుల పొడుగు, 5 అడుగుల వెడల్పు చాలు, రాత్రి పడుకోవడానికే కదా, ఒక్కోదానికి రెండు చదరపు అడుగులు వస్తుంది. మన వైపు రాతి కూసాలు, బండలు దొరుకుతాయి, మూడు వైపులా బండలు నిలబెట్టి ఒక వైపు మెష్ పెట్టుకుంటే ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. పాత పంపుసెట్టు రూము, వాడని స్నానాల గది, పాత వాటర్ ట్యాంకు, ఇవన్నీ గూళ్లు చేసుకున్నవాళ్లు ఉండారు. రేకు వేస్తే దానిపైన చెరకాకు కప్పండి, లేకుంటే ఏప్రిల్, మేలో రాత్రి కూడా లోపల కొలిమే.

లోపల అడుగున్నర నుంచి మూడడుగుల ఎత్తులో కర్రలు కట్టండి, కోడికి 8 అంగుళాల చొప్పున 8 అడుగుల కర్రలు రెండు ఉంటే 20 కోళ్లూ పడతాయి. కోడికి కింద పడుకోవడం ఇష్టం ఉండదు, కర్ర లేని గూట్లోకి అది మనస్ఫూర్తిగా రాదు. గోడల్లో చీలికలు ఉంటే పూడ్చి సున్నం కొట్టండి, ఆ సందుల్లోనే కోళ్లని పీడించే గోమార్లు పగలు దాక్కొని రాత్రి వచ్చి నెత్తురు తాగుతాయి, కోళ్లు గూడంటే భయపడటానికి ఇది పెద్ద కారణం, చానా మంది గమనించరు.

డబ్బులు అస్సలు లేవంటే వెదురుగంపలు నాలుగు కొని, ఇంటి వరండాలో మూసి, పైన బరువు పెట్టండి. ఐదారు కోళ్లు ఉండే ఇంటికి ఇప్పటికీ అది మంచి పద్ధతే.

కోళ్లు గూట్లోకి రాకుండా చెట్టెక్కేస్తా ఉండాయి. ఏం చేయాల?

కొత్తగా తెచ్చినప్పుడే వారం, పది రోజులు గూట్లోనే పెట్టి అక్కడే మేత, నీళ్లు ఇవ్వాల. అప్పుడు అది ఇల్లు అని వాటికి గుర్తుంటుంది. తర్వాత పొద్దుగూకడానికి గంట ముందు వదిలి, రెండు మూడు రోజులు అట్ల చేసి, మెల్లగా రోజంతా వదలండి. సాయంత్రం గింజలు మాత్రం గూట్లోనే వేయాల, రోజూ ఒకే టైంకి, మీ ఇంట్లో ఎట్ల పిలుస్తారో అట్లే పిలుస్తా. పొద్దున బయట వేసి సాయంత్రం వేయకపోతే అవి వచ్చే పనేముంది?

ఇప్పటికే చెట్టు మరిగినవాటిని చీకటి పడినాక టార్చి తీసుకొని మెల్లగా దించి గూట్లో కర్ర మీద పెట్టండి, చీకట్లో గొడవ చేయవు. వరసగా కొన్ని రాత్రులు ఇట్ల చేయాల. ఒక్క మొండి పెట్ట ఉంటే దాన్ని చూసి మిగతావి కూడా ఎక్కుతాయి, దానికి రెక్క ఈకలు ఒక వైపు కత్తిరిస్తే పైకి ఎగరలేదు. కానీ రెక్క కత్తిరించినదాన్ని రాత్రి బయట వదిలితే దానికి ఉన్న ఒక్క ఆసరా కూడా మీరే తీసేసినట్టు, అది మాత్రం చేయొద్దు.

పొద్దున ఎన్ని గంటలకి వదలాల?

గుడ్లు కావాలంటే తొమ్మిది, పదికి, ఎందుకంటే ఎక్కువ పెట్టలు ఆ లోపలే పెట్టేస్తాయి, గుడ్లన్నీ గూట్లోనే దొరుకుతాయి. కానీ ఎండాకాలంలో మన తిరుపతి, శ్రీకాళహస్తి ఎండకి పది తర్వాత కోడి నీడ వదిలి కదలదు, మేసేదంతా పొద్దున ఆరు నుంచి తొమ్మిది మధ్యలోనే. అందుకని మార్చి నుంచి జూన్ దాకా బాగా తెల్లారినాక, నక్కలు తిరిగే టైం దాటినాక వదిలేయండి, నాలుగు గుడ్లు పొదల్లో పోతే పోయినాయి.

పగలు గద్దల సంగతి?

పెద్ద కోళ్లకి గద్ద భయం తక్కువ, పిల్లలకి రెండు నెలలు వచ్చేదాకా ఎక్కువ. బయలు బీట్లో దాక్కోవడానికి ఏమీ లేకుంటే పిల్లలు నిలవవు. చెట్లు, పొదలు, వంచి పెట్టిన కంప, నాలుగు కర్రల మీద వేసిన తాటాకు, ఇవి ఇరవై ముప్పై అడుగులకొకటి ఉండాల, తల్లి కూత పెట్టగానే పిల్లలు దూరడానికి. పుంజు ఆకాశంలో గద్దని చూస్తే ఒక రకంగా, నేల మీద కుక్కని చూస్తే ఇంకో రకంగా కూస్తుంది, పెట్టలకి ఆ తేడా తెలుసు, మొదటిదానికి దాక్కుంటాయి, రెండోదానికి మెడలెత్తి చూసి పారిపోతాయి. అందుకే మందలో ఒక మంచి పుంజు ఉండాల. పిల్లలకి రంగు పూస్తే గద్ద రాదంటారు, దాన్ని నమ్ముకొని వదలొద్దు. ఆరేడు వారాలు వచ్చేదాకా తల్లినీ పిల్లల్నీ పైన వల కప్పిన దొడ్లో ఉంచడం మేలు.

కుక్కని పెంచితే గూడు అక్కర్లేదా?

చిన్నప్పటినుంచి కోళ్ల మధ్యనే పెరిగిన మంచి నాటు కుక్క ఉంటే నక్కలు, ఊరకుక్కలు దగ్గరికి రావు, చానా ఉపయోగం. కానీ కుక్క చెట్టెక్కలేదు, పాముని ఆపబోతే అదే చచ్చిపోవచ్చు. గిన్నికోళ్లు పెట్టుకుంటారు కొంతమంది, అవి కొత్తది ఏది కనపడినా ఊరంతా వినపడేట్టు అరుస్తాయి, కానీ అరిస్తే వినే మనిషి దగ్గర్లో ఉండాల కదా. ఇవన్నీ గూడుకి తోడు, గూడు బదులు కాదు.

చుట్టూ కరెంటు తీగ లాగితే?

మెయిన్ లైను కరెంటు కంచెకి ఇవ్వొద్దు, ఎట్టి పరిస్థితుల్లో ఇవ్వొద్దు. అది నేరం, మనుషులు చచ్చిపోతారు. పలమనేరు, కుప్పం వైపు ఇట్లాంటి తీగలకి ఏనుగులు బలి అయినాయి. సోలార్ ఫెన్సింగ్ వేరే, అది మిషను ద్వారా క్షణం పాటు షాక్ కొట్టి వదిలేది, తెలిసినవాళ్ల చేత పెట్టించుకుంటే కుక్కలు, నక్కలు ఆగుతాయి.

ముంగిసకి ఉచ్చు పెట్టమంటారా, విషం పెట్టమంటారా?

రెండూ వద్దు. ముంగిస, పునుగుపిల్లి, నక్క, ఉడుము అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉండేవే. పునుగుపిల్లి అంటే తిరుమల స్వామివారికి శుక్రవారం అభిషేకం తర్వాత పూసే పునుగు తైలానికి పునుగు ఇచ్చేది, మన ఊరివాళ్లం దాన్ని చంపడం ఏంది. విషం పెడితే ముందు చచ్చేది మీ కుక్క, మీ కోడి. పాము లోపల ఉంటే పాములు పట్టేవాళ్లని పిలవండి, మీరు చెయ్యి పెట్టొద్దు. గూటి కంత పూడిస్తే ముంగిస తన తిండి తాను వెతుక్కుంటుంది, ఎలుకల్ని, పాముల్ని తిని మనకి మేలే చేస్తుంది.

ఏ రకం కోళ్లు బాగుంటాయి?

బీట్లో తిరగడానికి మన నాటుకోడిని మించింది లేదు. బరువు తక్కువ, చురుకు ఎక్కువ, ఎగురుతుంది, దాక్కుంటుంది, పొదిగి పిల్లల్ని కాపాడుకుంటుంది. ఏడాదికి 50 నుంచి 70 గుడ్లు పెడుతుంది, అంతే. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు తయారు చేసిన వనరాజా, గ్రామప్రియ కూడా పెరటికి మంచివే, గ్రామప్రియ అయితే గుడ్లు 150 దాటి పెడుతుంది. కానీ అవి పొదగవు, వనరాజా, బెంగుళూరు గిరిరాజ బరువుగా ఉండి సరిగ్గా ఎగరలేవు, కుక్క వస్తే మొదట దొరికేది అవే. వాటికి గూడు ఇంకా గట్టిగా కావాల. బ్రాయిలర్ పిల్లల్ని తెచ్చి బీట్లో వదిలేవాళ్లు కూడా ఉండారు, పాపం అవి నాలుగడుగులు పరిగెత్తలేవు, దయచేసి ఆ పని చేయొద్దు.

బయట మేసే కోళ్లకి మేత వేయాలా?

వేయాల. పురుగులు, గడ్డి, రాలిన గింజలు కొంతవరకే. వాన పడినాక బీట్లో తిండి బాగుంటుంది, ఎండాకాలంలో ఏమీ ఉండదు. రోజుకి ఒక్కో కోడికి గుప్పెడు, సజ్జలు, రాగులు, నూకలు ఏదైనా, అదీ సాయంత్రం గూట్లో. గుడ్లు పెట్టేవాటికి ఆల్చిప్పల పొడి ఒక మూకుట్లో పెడితే కావాల్సినంత తింటాయి. పాత కుండలో పేడ, చెత్త తడిపి నింపి చెదలు ఉండే చోట బోర్లిస్తే ఒకట్రెండు రోజులకి చెదలు నిండుతాయి, పిల్లలకి దాన్ని మించిన బలం లేదు. చెనక్కాయ చెక్క మంచిదే గానీ బూజు పట్టింది వేయొద్దు, ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది, లివర్ పాడవుతుంది, గుడ్లు ఆగిపోతాయి, టీకాలు కూడా సరిగ్గా పట్టవు.

మామిడితోటలో, చెనక్కాయ చేన్లో వదలొచ్చా?

మామిడితోట కోళ్లకి స్వర్గం. నీడ ఉంటుంది, రాలిన కాయల్లో పండు ఈగ పురుగులు, మట్టిలో ఉండే వాటి గూళ్లు గీకి గీకి తింటాయి, తోటకీ మేలు. లేత మొక్కల పాదులు మాత్రం తవ్వి వేర్లు బయట పెడతాయి, చుట్టూ రాళ్లు పేర్చండి. జాగ్రత్త పడాల్సింది డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పూతకి తేనెమంచు పురుగు మందులు కొట్టే టైం. మీ తోటలోనే కాదు, పక్క తోటలో కొట్టినా కొన్ని రోజులు కోళ్లని మూసిపెట్టి మేపండి, మందు డబ్బా మీద రాసిన గడువు చూసుకోండి. మూసిపెట్టడానికి గూడు లేకుంటే ఏం చేస్తారు?

చెనక్కాయలు విత్తే జూన్, జూలైలో కోళ్లు చేన్లోకి పోకూడదు. విత్తనాలకి మందు పట్టించి ఉంటారు, తింటే చస్తాయి, తినకపోయినా సాళ్లు గీకేస్తే పక్క రైతుతో గొడవ, ఆయన అడగడంలో న్యాయం ఉంది. కాయలు పెరికినాక అడిగి వదలండి, రాలిన కాయలు, వేరుపురుగులు అన్నీ ఏరి తింటాయి, ఎవరూ వద్దనరు. ఇంకొకటి ఎలుకల మందు. నూకలకి నూనె, జింకు ఫాస్ఫైడు కలిపి గట్ల మీద పెడతారు, కోడికి అది మేత మాదిరే కనపడుతుంది. పక్క చేన్లవాళ్లతో ముందే మాట్లాడి, పెట్టే రోజు చెప్పమని అడగండి.

టీకాలు వేయించాలా? బయట తిరిగేవాటికి రోగం రాదంటారు గదా?

వస్తుంది. కొక్కెర తెగులు, అదే రాణికేట్ జబ్బు, వచ్చిందంటే వారంలో దొడ్డి ఖాళీ. పచ్చగా తెల్లగా పారుకోవడం, నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ తిరిగిపోవడం, ఇవి గుర్తులు, వచ్చినాక మందు లేదు. పిల్లకి వారం లోపల కంట్లోనో ముక్కులోనో చుక్క టీకా, నాలుగు వారాలకి మళ్లీ, ఎనిమిది వారాలకి అదే జబ్బుకి ఆర్‌టూబీ అనే ఇంజెక్షన్, మధ్యలో అమ్మోరు (కోళ్ల మశూచి) టీకా, ఇది మామూలుగా వేసే వరస, తేదీలు మీ పశువుల డాక్టరుని అడిగి రాసుకోండి. టీకా మందు ఎక్కువగా వంద డోసులు ఉండే సీసాల్లో వస్తుంది, కలిపినాక రెండు గంటల్లోపే వాడేయాల, ఐసులో తేవాల, అందుకని వీధిలో నాలుగిళ్లవాళ్లు కలిసి ఒకే రోజు వేయించుకుంటే దండగ ఉండదు. రెండు మూడు నెలలకొకసారి నట్టల మందు కూడా.

గూడు లేని కోళ్లకి ఇవేవీ చేయలేం. బీట్లో ముప్పై కోళ్లని పగలు తరిమి పట్టి కంట్లో చుక్క వేయడం ఎవరి వల్లా కాదు. రాత్రి గూట్లో కర్ర మీద ఉన్నప్పుడు ఒక్కొక్కటే తీసుకొని అరగంటలో పని ముగించొచ్చు, అట్లే లెక్క పెట్టుకోవచ్చు, ఏది నీరసంగా ఉందో చేత్తో పట్టి చూడొచ్చు. నన్నడిగితే జంతువుల భయం లేని ఊర్లో కూడా దీనికోసమే గూడు కట్టుకోవాల. జబ్బు చేస్తే రైతు సేవా కేంద్రంలో అడగండి, 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు గురించి చెప్తారు.

బర్డ్ ఫ్లూ వస్తే?

2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో వచ్చింది, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చింది. మన తిరుపతి జిల్లాలోనే పులికాటు, నేలపట్టు ఉండాయి, చలికాలంలో వలస పక్షులు వస్తాయి. సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు వాళ్లు ఆ నెలల్లో కోళ్లని చెరువుల దగ్గరికి పోనీకుండా చూసుకోండి. ఒక్కసారిగా చానా కోళ్లు చచ్చిపోతే వండుకోవద్దు, అమ్మొద్దు, చెరువులో పడేయొద్దు, పశువుల డాక్టరుకి చెప్పండి. ఆఫీసర్లు కోళ్లని లోపలే పెట్టమంటే పెట్టాల్సిందే.

వానకి, ఎండకి ఏం జాగ్రత్త?

మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు. చెట్టు మీద రాత్రంతా తడిస్తే కోడికి జలుబు, గురక, ఆ తర్వాత పోతాయి. 2021 నవంబరులో తిరుపతి వరదలు అందరికీ గుర్తుండే ఉంటాయి, వంక పక్కన, పల్లంలో గూడు కట్టొద్దు, మూసిన గూట్లోకి నీళ్లు వస్తే అన్నీ పోతాయి. నేల కంటే అడుగు ఎత్తు లేపి కట్టండి. ఎండాకాలం నాలుగైదు చోట్ల నీడలో మట్టికుండల్లో నీళ్లు, రోజుకి రెండుసార్లు మార్చాల.

గుడ్లు యాడ్యాడో పెడతా ఉండాయి.

గూట్లో మూలగా, చీకటిగా ఉండే చోట బుట్టలో గడ్డి వేసి ఒక గుడ్డు వదిలిపెట్టండి, దాన్ని చూసి పెడతాయి. పొదల్లో దొరికినవి ఎన్నాళ్లవో తెలియదు, నీళ్లలో వేసి తేలితే పడేయండి. పెట్ట ఉన్నట్టుండి కనపడకుండా పోయి, రోజుకొకసారి వచ్చి ఆత్రంగా తిని మళ్లీ మాయమైతే యాడో పొదిగిందని అర్థం. 21 రోజులు నేల మీద ఒక్కటే కూర్చోవాల, కదలదు, ఏ నక్క వచ్చినా లేవదు. మెల్లగా వెంబడించి చూసి, రాత్రి గుడ్లతో సహా తెచ్చి గూట్లో పెట్టండి.

మనుషుల దొంగతనం?

ఉంది. సంక్రాంతి కనుమ ముందు, మే నెలలో గంగమ్మ జాతర ముందు నాటుకోడికి గిరాకీ ఎక్కువ, ఆ వారాల్లో చెట్ల మీది కోళ్లు సంచుల్లోకి పోతాయి. తాళం వేయండి.

మేం వారానికి రెండు రోజులే తోటకి వస్తాం. కోళ్లు పెట్టుకోవచ్చా?

అక్కడ కాపురముండే మనిషి ఉంటే పెట్టుకోండి. ఆయన జీతంలో ఇది కూడా ఒక పని అని ముందే మాట్లాడుకోండి, ఊరికే చూసుకో అంటే కుదరదు, కోళ్లలోనో గుడ్లలోనో ఆయనకీ భాగం ఇస్తే ఇంకా బాగా చూస్తాడు. ఆటోమేటిక్ తలుపులు వస్తా ఉండాయి, పొద్దుగూకగానే అదే మూసుకుంటుంది, కానీ బయట ఉండిపోయిన కోడిని అది లోపలికి తేలేదు, లోపల ఉండిపోయిన పాముని చూడలేదు. మనిషి లేకుంటే ఇంటి దగ్గర పెరట్లో ఐదారు కోళ్లతో మొదలుపెట్టండి, తోటకి కోళ్లని మనిషి దొరికినాకే తీసుకుపోండి.